రెండో మందు

“నువ్వే ఇచ్చినావు. నీ చేత్తోనే ఇచ్చినావు. ఔనా, కాదా?”

సి.ఐ. రఘునాథ్ ఆ ప్రశ్న అడగటం అది మూడోసారి. ఆదోని ఆసుపత్రిలో ఐసీయూ తలుపుకెదురుగా బెంచీ మీద కూర్చున్న వీరేష్ మూడోసారీ అదే జవాబు చెప్పాడు.

“ఔను సార్. నేనే ఇచ్చినాను. దినామూ నేనే ఇస్తాను.”

“ఒప్పుకున్నాడు. విన్నావు కదా?” అన్నాడు రఘునాథ్, అప్పుడే మెట్లెక్కి వచ్చిన సంధ్య వైపు తిరిగి.

“మందిచ్చినానని ఒప్పుకున్నాడు. మొగుడు పెండ్లానికి మందిస్తే అది ఏ సెక్షను కిందికొస్తుంది రఘూ?”

రఘునాథ్ మొహం చిట్లించాడు. ఇద్దరూ ఒకే బ్యాచీలో ఎస్సైలైనవాళ్ళు. సంధ్య కొన్నాళ్ళకే యూనిఫాం వదిలేసి ఆదోనిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఆమె ఉద్యోగం వదిలిపోయినందుకు అతనికి బాధ లేదు. వదిలిపోయి కూడా తన కేసుల్లో తలదూరుస్తుందనే కడుపుమంట.

“నిన్ను ఎవరు పిలిచినారు ఈ కేసులోకి?”

“డాక్టర్ కృపానందం.”

“ఆయన మందే మింగింది ఈ పిల్ల. ఆయనకు భయం పుట్టి నిన్ను పిలిచినాడు. చూడు సంధ్యా, కేసు చాలా సులువైంది. ఈ వీరేష్‌ది ఎమ్మిగనూరు, మగ్గం పని. పెండ్లాం శ్రీవల్లికి రెండేండ్లుగా మనసు బాగలేదు. విసిగిపోయినాడు. మొన్న పొద్దున ఎక్కువ మాత్రలు మింగించినాడు. ఆమెను ఆటో ఎక్కిస్తా ‘ఇంక నా వల్ల కాదు’ అని ఏడ్చినాడు, పక్కింటోళ్ళు విన్నారు. దానికి తోడు ఇది.”

ఒక ప్లాస్టిక్ సంచి పైకెత్తి ఊపాడు. లోపల ఖాళీ మాత్రల స్ట్రిప్పులు గలగలలాడాయి. “ఇంట్లో డబ్బాలో దాచిపెట్టినారు. వీటిలో ఒక్క మాత్ర కూడా మిగల్లేదు. సందకాడికి వీన్ని స్టేషనుకు తీసుకుపోతాను.”

సంధ్య సంచీ అందుకుని, విప్పకుండానే వెలుతురుకు పెట్టి చూసింది.

“వీటిలో సగం ఒక మందు, సగం ఇంకో మందు. ఈ పచ్చ రంగువి చూడు, అంచులు నలిగి అక్షరాలు కూడా పోయినాయి. ఒక్క పొద్దున ఖాళీ చేసిన స్ట్రిప్పులు ఇట్లా ఉండవు. మందుల షాపులో చూపించి మళ్ళీ అదే తెచ్చుకోవటానికి దాచుకున్నవి ఇవి. మీ ఇంట్లో బీపీ మాత్రల ఖాళీ షీట్లు దాచరా?”

రఘునాథ్ సంచీ లాక్కున్నాడు. “సందకాడ దాకా టైముంది నీకు,” అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బెంచీ చివర ఒక కానిస్టేబులు మాత్రం మిగిలాడు.

సంధ్య వీరేష్ పక్కన కూర్చుంది. ముప్పై దాటినట్టు లేడు. గడ్డం మాసి, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని ఉన్నాడు. నేతపనివాళ్ళకు ఉండే అలవాటు కాబోలు, వేళ్ళు ఊరికే ఉండలేక తువ్వాలు అంచులోని పోగులు లాగుతున్నాయి.

“‘ఇంక నా వల్ల కాదు’ అన్నావంట.”

“అన్నాను మేడం.”

“ఎందుకు?”

అతను తలుపు వైపు చూశాడు. “ఆయమ్మి నాకు తిరిగొచ్చింది మేడం. బిడ్డ పుట్టి పురిట్లోనే పోయినాక, రెండేండ్లు ఇంట్లో ఉన్నా ఇంట్లో లేదు. పిలిస్తే చూసేది. నన్ను కాదు, నా ఎనకాల గోడను చూసేది. మొదట ఇచ్చిన మందు నెలలకు నెలలు మింగింది, ఏమీ గుణం కనపడలేదు. ఈ డాక్టరు దాన్ని నిలిపి, కొన్ని వారాలు ఆగి, ఈ రెండో మందు మొదలుపెట్టినాడు. తొందరపడొద్దప్పా, పదైదు దినాలు ఏమీ తెలీదు, మీరు మాత్రం నిలపొద్దు అన్నాడు. నిలపలేదు. పోయిన వారం ఒక పొద్దున నేను లేసేసరికి వంటింట్లో చప్పుడు. ఉగ్గాని చేస్తాంది. బజ్జీలు ఏస్తాంది. నాకు పెట్టి, ‘ఉప్పు తక్కువైందా?’ అనింది.”

అతను తువ్వాలు అంచులోంచి ఒక పోగు తెంచాడు.

“రెండేండ్లలో నన్ను తనంతట తాను అడిగిన మొదటి మాట మేడం అది. ఉప్పు సరిపోయింది. అయినా తక్కువైందని చెప్పినా. ఉప్పు తెచ్చి ఏస్తాది కదా, ఇంకోసారి నా పక్కకొస్తాది కదా అని.”

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“మొన్న ఆటోలో ఏసేటప్పుడు ఒళ్ళు కాలిపోతాంది. నేనెవురో తెలీలేదు ఆయమ్మికి. మళ్ళా పోగొట్టుకునేది ఇంక నా వల్ల కాదు అన్నాను. పక్కింటోళ్ళు సగం మాటే విన్నారు.”

హొళగుందలో సంధ్య వాళ్ళమ్మ కూడా అట్లాగే కిటికీ పక్కన కూర్చుని ఉండేది. సంధ్య బడి నుంచి వచ్చి పుస్తకాల సంచీ దించి, “అమ్మా” అంటే తల తిప్పేది. అంతే. ఒక డాక్టరు మందిచ్చాడు, పని చేయలేదు. ఇంక మందులతో అయ్యేది కాదని ఇంటిల్లిపాదీ తీర్మానించేశారు. రెండోది ఉంటుందని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అమ్మ పోయింది. ఆమె నవ్వు ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని సంధ్య ఎన్నిసార్లు ప్రయత్నించినా, కిటికీ చువ్వలే కనిపిస్తాయి.

ఐసీయూ తలుపు తెరుచుకుంది. డాక్టర్ కృపానందం చేయి ఊపి లోపలికి పిలిచాడు.

శ్రీవల్లి మంచం మీద చెమటలో నానిపోయి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, కంటిపాపలు మాత్రం చీకట్లో ఉన్నట్టు పెద్దవైపోయి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. కృపానందం దుప్పటి కొద్దిగా తొలగించి, ఆమె పాదాన్ని ఒక్కసారి పైకి నెట్టి పట్టుకున్నాడు. ఆ పాదం ఆయన చేతిలో టకటకమని కొట్టుకోసాగింది. ఆపినా ఆగలేదు.

“ఫిట్స్ అనుకున్నారు ఇక్కడ. మెదడువాపు అని కూడా అనుకున్నారు. కాదు. ఈ చెమట, ఈ జ్వరం, ఈ కళ్ళు, ఈ పాదం, నాలుగూ కలిపి చూస్తే ఒకటే దారి చూపిస్తున్నాయి. సెరొటోనిన్ మితిమీరిపోయింది.”

“అంటే మీ మందే.”

“నా మందు ఉంది. ఒంటరిగా లేదు.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చామనఛాయ, బక్కపలచని మనిషి. రెండు రాత్రులు నిద్ర లేనట్టుంది. “మెదడులో ఒక నరం ఇంకో నరానికి కబురు పంపాలంటే కొన్ని రసాయనాలు వదులుతుందమ్మా. పని అయిపోగానే వాటిని వెనక్కి లాక్కుంటుంది. దిగులు జబ్బులో ఆ కబుర్లు సరిగా అందవు. ఈమెకు మొదట ఇచ్చింది సెరొటోనిన్ ఒక్కదాన్ని వెనక్కి పోనివ్వని మందు. పూర్తి మోతాదులో, సరిపోయినన్ని వారాలు ఇచ్చినా గుణం రాలేదు. అట్లా చాలామందికి రాదు. అది రోగి తప్పు కాదు. అప్పుడు రెండో వరుసకు వెళ్తాం. వెన్లఫాక్సిన్ అని, ఇది సెరొటోనిన్‌నూ నారడ్రెనలిన్‌నూ రెండింటినీ నిలబెడుతుంది. కొంచెంతో మొదలుపెట్టి, బీపీ చూసుకుంటూ పెంచాలి. హఠాత్తుగా ఆపకూడదు. ఈమె పడిపోయే ముందు రోజే ఒక మెట్టు పెంచాను.”

“ఎక్కువ మింగిందేమో?”

“మింగినా ఇట్లా కావచ్చు. రక్తం కర్నూలుకు పంపారు, జవాబు ఎప్పటికొస్తుందో తెలీదు. కానీ కొత్త స్ట్రిప్పులో ఒక్కటంటే ఒక్కటే తగ్గింది, సి.ఐ. గారే చూశారు. అంటే ఇంకేదో ఆమె ఒంట్లోకి పోయింది. దగ్గు సిరప్పు కావచ్చు. నొప్పుల మాత్ర కావచ్చు. నాటు మందు కావచ్చు. విడివిడిగా అన్నీ మంచివే. నా మందుతో కలిస్తేనే చేటు. వేరే ఏమైనా మింగుతున్నావా అని అడిగాను సంధ్య గారూ. లేదంది.”

“అబద్ధం చెప్పే మనిషా?”

“కాదు. అందుకే మిమ్మల్ని పిలిచాను. ఏమి కలిసిందో తెలిస్తే ఏది దగ్గరికి రానివ్వకూడదో, ఎన్నాళ్ళు కాపలా కాయాలో తెలుస్తుంది. తెలియకుండా ఇక్కడ ఎవరైనా నొప్పికని ఇంకో ఇంజెక్షన్ వేశారంటే…” ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “ఇంకో సంగతి. ఎమ్మిగనూరులో అప్పుడే పుకారు లేచింది. ‘పిచ్చి మాత్రలు మింగి వీవర్స్ కాలనీ పిల్ల చచ్చిపోయింది’ అని. పొద్దున్నుంచి నా పేషెంట్ల ఫోన్లు, మందు ఆపేశామని. వాళ్ళనెవరు కాపాడతారు?”

సంధ్య కారు తాళాలు తీసింది.

ఎమ్మిగనూరులో వీరేష్ ఇంటి వాకిలి తెరిచే ఉంది. ముందు గదిలోనే గుంత మగ్గం. చీర సగం నేసి ఆగిపోయింది. పడుగు మీద ఒకచోట పోగులు తెగి వేలాడుతున్నాయి. మగ్గం పక్కన నేల మీద కండెలు చుట్టే రాట్నం పక్కకు పడి ఉంది, ఎవరూ లేపలేదు. శ్రీవల్లి పడిపోయింది అక్కడే.

అత్త హనుమమ్మ గోడకానుకుని నిలబడింది. పెద్ద బొట్టు, వడలిన మొహం.

“ఆ పొద్దున ఏమి తినింది?”

“ఏమీ తినలేదమ్మా. కాపీ తాగింది. వీరేసు మాత్ర ఇచ్చె. మింగి, ఈడ కూసోని కండెలు సుడతా ఉండె. సేతులు వణుకుతాండాయి అత్తా అనె. సలి పుడతాంది అనె. ఎండలు ఇట్ల మండుతాంటే సలేంది అనుకున్యా. అట్లనే ఒరిగిపాయె.”

“దగ్గు, జలుబు ఏమన్నా ఉండెనా? ఎక్కడన్నా సూది వేయించుకుందా?”

“లేదు.”

“స్వామి దగ్గరో, నాటు వైద్యుని దగ్గరో ఏమన్నా తెచ్చిచ్చినారా? నాకు చెప్తే ఎవరినీ పట్టుకుపోరు. చెప్పకుంటే నీ కొడుకును పట్టుకుపోతారు.”

హనుమమ్మ రెండు చేతులూ జోడించింది. “దేవుని మీద ఆన. కోడలికి డాక్టరు మాత్ర తప్ప నేను ఇంకోటి ఈలేదు.”

ఆ మాటలో అబద్ధం వాసన లేదు. సంధ్య వంటిల్లు చూసింది. పోపుడబ్బాలు, పచ్చడి జాడీలు, అటక మీద సీసాలు అన్నీ దించి మూత తీసి చూసింది. నొప్పుల నూనె తప్ప మందనేది లేదు. తిరిగి మగ్గం గదిలోకి వచ్చేసరికి గోడ గూటిలో, దేవుని పటం వెనక, ఒక స్ట్రిప్పు అంచు మెరిసింది.

“ఇదెవరిది?”

“అది మా ఆయనదమ్మా. ఒణుకు జబ్బు. కర్నూలు డాక్టరు రాసిచ్చిండాడు. దీంతోపాటు ఇంకోటి కూడా ఉంది.”

సగం ఖాళీ అయిన స్ట్రిప్పు. సంధ్య దాన్ని తిప్పి చూస్తూ, “ఎట్లుంది ఆయనకు?” అని అడిగింది, ఊరికే అడిగినట్టు.

“ఏం సెప్పేది. బాగుండె. ఈ మాత్ర మొదలుపెట్టినాక నాడె పట్టుకోని మళ్ళా రెండు మూరలు నేసేటోడు. ఈ మద్యన జాస్తి అయ్యింది. గలాసు పట్టుకుంటే నీళ్ళు నిలవవు.”

“మాత్రలు మానేసినాడా?”

“యాడ మానె? నేనే దినామూ పొద్దున్నే తీసి సేతిలో పెడతా.”

“చేతిలో పెడతావు. నోట్లో వేసుకునేది చూస్తావా?”

హనుమమ్మ సంధ్య చేతిలోని స్ట్రిప్పు వైపు చూసింది.

మాత్రలు తప్పకుండా ఖాళీ అవుతున్నాయి. జబ్బు మాత్రం మాత్ర మింగనట్టే పెరుగుతోంది. అయితే ఆ మాత్రలు ఎక్కడికి పోతున్నాయి? సంధ్య స్ట్రిప్పును ఫోటో తీసి కృపానందానికి పంపింది. రెండు నిమిషాలు తిరక్కముందే ఫోన్ మోగింది.

“ఎక్కడ దొరికింది మీకిది?” ఆయన గొంతు మారిపోయింది. “సెలెజిలిన్! ఆ ఇంట్లో ఉందా ఇది?”

“మామగారిది. ఎందుకు, అంత ప్రమాదమా?”

“ఆయనకు కాదు, ఆయనకు మంచి మందే. నా మందు ఆ రసాయనాలను వెనక్కి పోనివ్వదని చెప్పాను కదా. ఇది వాటిని అరగదీసే ఎంజైమును ఆపుతుంది. అవి తగ్గే దారులు రెండూ మూసుకుంటే ఇంక పొంగటమే. ఈ రెండూ ఒకే ఒంట్లో ఉండకూడదమ్మా. ఇది ఆపేసినా వెంటనే నాది మొదలుపెట్టకూడదు, రెండు వారాలు ఆగాలి. ఒంట్లో దీని పని అంతకాలం నిలుస్తుంది. ఆమె మింగిందా? రుజువుందా?”

“ఇంకా లేదు.”

“రుజువు కోసం నేను ఆగను. అదే అనుకుని వైద్యం మొదలుపెడతాను. పిల్లలకు ఆకలి పుట్టటానికి ఇచ్చే పాత మాత్ర ఒకటుంది, సెరొటోనిన్‌కు అడ్డం పడుతుంది. గొట్టం ద్వారా ఇప్పుడే ఇస్తాను. మీరు మాత్రం నిజం కనుక్కోండి.”

మామ గోవిందయ్య కోసం ఆగవలసి వచ్చింది. పక్కవీధిలో పాత స్నేహితుని మగ్గం దగ్గర కూర్చుని ఉన్నాడట. హనుమమ్మ పోయి పిలుచుకొచ్చేసరికి పొద్దు వాలుమొగం పట్టింది. ముసలాయన గడప దాటటానికి చాలాసేపు పట్టింది. అడుగులు చిన్నవి, కుడి చేయి గాలిలో పోగులు తీస్తున్నట్టు అల్లాడుతోంది. వచ్చి మగ్గం గుంత అంచున కూర్చుని, పక్కకు పడిన రాట్నం వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

“పెద్దాయనా, మీ కోడలు ఆసుపత్రిలో కొట్టుకుంటాంది. మీ కొడుకును సందకాడికి జైలుకు తీసుకుపోతారు. మీ మాత్ర ఎవరు మింగుతాండారు?”

హనుమమ్మ, “అదేంటికి అడుగుతాండావమ్మా?” అని అడ్డం వచ్చింది. గోవిందయ్య మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆ ప్రశ్న కోసమే మూడు రోజులుగా ఎదురు చూస్తున్నవాడిలా తల దించుకున్నాడు.

“నా మాత్రతోనే అయ్యిందా తల్లీ ఇది?”

“ఇచ్చినారా?”

“ఇచ్చినా.”

హనుమమ్మ కుప్పలా కూలబడింది.

“నా సెయ్యి సచ్చిపోయిండె తల్లీ,” అన్నాడు గోవిందయ్య. గొంతు సన్నగా, ఆగి ఆగి వస్తోంది. “ఈ మాత్ర మింగినాక కొన్ని దినాలకు లేసొచ్చె. నాడె ఇసిరితే ఆ గట్టుకు పాయె. పుట్టినప్పటి నుంచి చేసిన పని మళ్ళా చేసినాననుకో. ఆ పొద్దు నేను ఏడ్సినా. నా పక్కనే కోడలు కండెలు సుడతా కూసోనుండాది, రాయి మాదిరి. కొత్త మందు మొదలుపెట్టి పది దినాలాయె, గుణం లేదు. సచ్చిన సెయ్యిని లేపిన మాత్ర, సచ్చిన మనసును లేపదా అనుకున్యా.”

“ఆమె ఎందుకు తీసుకునింది?”

“‘ఇది బలానికమ్మా’ అన్యా. ‘మీకు కావాల కదా మామా’ అనె. నాకు రెండు రాసిచ్చినాడు, ఒకటి జాస్తి ఉందిలే అని అబద్దం సెప్పినా. ఎవురికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్యా. డాక్టరు అడిగినా సెప్పలేదంటే… నా ఒట్టు కోసమే తల్లీ.”

సంధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఆయన మొహంలోకి చూసింది. “ఆమెకు గుణం వచ్చింది మీ మాత్రతో కాదు పెద్దాయనా. డాక్టరు మందుతో. అది పని చేయటానికి వారాలు పడుతుందని ముందే చెప్పినారు. మీరు ఇంకొన్ని దినాలు ఓర్చుకుని ఉంటే…”

అనేసి, ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకుంది.

“ఓర్సుకోలేకపోతి,” అన్నాడాయన. “నా కండ్లకు అచ్చరాలు ఆనవు. నేను నేస్తాంటే ఆయమ్మి పక్కన కూసోని పేపరు సదివేది. కవుతాళంలో కాలవకు నీళ్ళొదిలిరంట మామా, ఆదోనిలో పత్తి ధర లేసిందంట మామా అని. బిడ్డ పోయినాక ఆపేసె. రెండేండ్లు ఈ ఇంట్లో మగ్గం సప్పుడే గానీ మనిసి సప్పుడు లేదు. ఒక్క దినం… ఒక్క దినం పేపరు సదివితే సాలనుకున్యా. పోయిన వారం సదివె తల్లీ. నాలుగు ముక్కలు. నా మాత్రే సదివించిందని మురిసిపోతి.”

వాకిట్లో జీపు ఆగింది. రఘునాథ్ లోపలికి వచ్చి, కింద కూర్చున్న ముగ్గురినీ చూసి, “ఏం జరుగుతాంది?” అన్నాడు.

సంధ్య లేచి చెప్పింది, ఉన్నదున్నట్టు. అతను వింటూ గూటిలోని స్ట్రిప్పును చూశాడు, ముసలాయనను చూశాడు.

“ఐతే ముద్దాయి మారినాడు. అంతే కదా?”

“ముద్దాయి లేడు ఇక్కడ. కోడలి గొంతు వినాలని తన చేయి పోగొట్టుకున్న ముసలాయన ఉన్నాడు. తనకు రావలసిన మాత్ర మానుకుని ఆమెకిచ్చినాడు రఘూ. చంపాలనుకునేవాడు తన వణుకు ఎందుకు పెంచుకుంటాడు?”

“ఒకరి మందు ఇంకొకరికి ఇయ్యటం నేరం కాదా?”

“తప్పు. పెద్ద తప్పు. ఆ తప్పు మన ప్రతి ఇంట్లో జరుగుతాంది. నీ మోకాలి నొప్పికి నీ తమ్ముని మాత్ర నువ్వు మింగలేదా? కోర్టులో చెప్పుకుందువు గానీ, ముందు ఆసుపత్రి బెంచీ మీద ఉన్న ఆ మొగుని పక్కనుంచి కానిస్టేబులును లేపు.”

“నువ్వు చెప్తే లేపాలా? చట్టం నీ చుట్టం కాదు సంధ్యా. ఈయన వాంగ్మూలం తీసుకోవాలి, స్టేషనుకు తీసుకుపోవాలి. లేవప్పా, పెద్దాయనా.”

గోవిందయ్య లేవబోయాడు. లేవలేకపోయాడు. రఘునాథ్ రెక్క పట్టుకుని వెంటనే చేయి వెనక్కి తీసుకున్నాడు.

“ఇదేంది, ఒళ్ళంతా తడిసిపోయింది?”

సంధ్య అప్పుడు సరిగ్గా చూసింది. ఫ్యాను కిందే కూర్చున్నా ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. నుదుటి మీద చెమట బొట్లు కారుతున్నాయి.

“పొద్దున్నుంచి కడుపులో బాగలేదంటాడమ్మా,” అంది హనుమమ్మ. “నాలుగుసార్లు దొడ్డికి పాయె. బువ్వ ముట్టలేదు.”

“పెద్దాయనా, కోడలు పడిపోయినప్పటి నుంచి మీ మాత్ర మీరే మింగుతాండారా?”

“మింగుతాండా. ఇంక ఎవురికిచ్చేది.”

మళ్ళీ మింగుతున్నాడు. అయినా వణుకు తగ్గలేదు, పెరిగింది. కుడి చేతి వణుకు పాతదే. కానీ పంచె కింద మోకాళ్ళు రెండూ ఎగిరెగిరి పడుతున్నాయి. సంధ్య ఆయన పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, పొద్దున కృపానందం చేసినట్టే పైకి నెట్టింది.

టకటకటకమని కొట్టుకుంది పాదం.

“ఇంకేం మింగినారు?” ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. “మీ మాత్ర కాక ఇంకేం మింగినారు? చెప్పండి!”

గోవిందయ్య ఆమెను చూశాడు. కంటిపాపలు విచ్చుకున్నాయి.

“కోడలివి రెండు మిగిలిండె తల్లీ. మోతాదు పెంచకముందువి. నా దిండు కింద పెట్టుకున్యా. ఇయ్యాల పొద్దున మింగినా.”

“ఎందుకు?” అని అరిచింది హనుమమ్మ. “సావాలనుకున్యావా?”

“సావాలని కాదే.” ముసలాయన నిజంగా తికమకపడ్డట్టు భార్య వైపు తిరిగాడు. “దుక్కానికి మందని డాక్టరే సెప్పె కదా. నాకూ దుక్కమే కదా. ఆయమ్మి పండుకునే చాప కాళీగా ఉండాది, రాట్నం కాళీగా ఉండాది. రెండు రాత్రులాయె, కన్ను మూతపడలేదు. పొద్దున ఇంక తట్టుకోలేకపోతి.”

 మొదట కదిలింది రఘునాథ్.

“నువ్వు భుజాలు పట్టుకో. కాళ్ళు నేను పట్టుకుంటా,” అన్నాడు.

జీపు రఘునాథే నడిపాడు. సైరన్ వేసి, ఆదోని రోడ్డు మీద లారీలను పక్కకు తప్పిస్తూ నడిపాడు. వెనక సీట్లో గోవిందయ్య తల హనుమమ్మ ఒడిలో, కాళ్ళు సంధ్య ఒడిలో. తడిపిన చీర కొంగుతో హనుమమ్మ ఆయన మొహం తుడుస్తూనే ఉంది. సంధ్య కృపానందానికి ఫోన్ చేసి, ఏది ఎప్పుడు మింగాడో గబగబా చెప్పింది.

“ఆ రెండు మందుల్లో ఇంక ఒక్కటి కూడా ముట్టనివ్వకండి,” అన్నాడాయన. “వాంతికని, నొప్పికని దారిలో ఎవరి దగ్గరా ఏ సూదీ వేయించకండి. ఒళ్ళు చల్లగా ఉంచండి. మాట్లాడిస్తూ ఉండండి. మంచం సిద్ధం చేయిస్తాను.”

“పెద్దాయనా,” అంది సంధ్య, “పేపర్లో ఏమి చదివింది మీ కోడలు?”

“కైరుప్పల…” అన్నాడు గోవిందయ్య. పళ్ళు కొట్టుకుంటున్నాయి. “కైరుప్పలలో పిడకలు కొట్టుకుంటారు కదా ఉగాదికి… ఎవురికో తల పగిలిందంట. సదివి నవ్వె. మామా, వీళ్ళకు వేరే పని లేదా అని నవ్వె.”

ఎట్లా నవ్వింది అని అడగబోయింది సంధ్య. అడగలేకపోయింది. తన చేతుల్లో ఆ ముసలి పాదాలు పట్టు తప్పించుకుని ఎగురుతున్నాయి, జీపు కుదుపు వేరు, ఈ కుదుపు వేరు. వాటిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఫోన్ మోగింది. వీరేష్.

“మేడం!” అతను ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. “కండ్లు తెరిసింది మేడం. జరం దిగుతాందంట. నన్ను చూసింది. గోడను కాదు, నన్నే చూసింది. పేరు పెట్టి పిలిసింది.”

సంధ్య కళ్ళు మూసుకుంది. ముందు సీట్లో రఘునాథ్ అద్దంలోంచి ఆమెనే చూస్తున్నాడు.

“మాట సరిగ రాలేదు మేడం, అయినా అడిగింది. మామకు సెప్పినావా, మామ ఎట్లుండాడు అని. నేనేం సెప్పేది? మా నాయన దగ్గరే ఉండారు కదా మీరు, ఒక్కసారి ఆయనకు ఫోనీయండి. ఈ మాట ఇంటే ఆయనకు ప్రాణం లేసొస్తాది.”

సంధ్య ఫోన్ గోవిందయ్య చెవి దగ్గర పెట్టబోయింది. ఆయన కళ్ళు పైకి తేలిపోతున్నాయి. హనుమమ్మ ఆయన చెంపలు తట్టి పేరు పెట్టి పిలవటం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళ కాపురంలో మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిన మనిషి కాదామె.

ఆ పిలుపు ఫోన్లో అటువైపుకు వినిపించింది.

“మేడం? మా యమ్మ ఎందుకట్ల అరుస్తాంది? మా నాయన యాడ?”

జీపు ఆదోని పొలిమేరలోకి దూరింది. రఘునాథ్ హారన్ మీద నుంచి చేయి తీయలేదు.

“వీరేశా, జాగ్రత్తగా విను,” అంది సంధ్య. “నీ పెండ్లానికి ఏమైందో మీ నాయనకూ అదే అయ్యింది. ఆయన్ను నీ దగ్గరికే తెస్తాండాము. లోపల ఆమెకేమీ చెప్పొద్దు. నువ్వు కిందికి దిగి, స్ట్రెచర్ తీసుకుని వాకిట్లో నిలబడు.”